కొంగలా, రైళ్లా, గాలమా, పాత నాణేలా: మీ స్వభావానికి ఏ హాబీ నప్పుతుంది?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు సెలవురోజు గడవడం ఒక్కోసారి కష్టంగానే ఉంటుంది. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం బజారు అయిపోతే ఇక మిగిలేది ఫోనే. ఏదైనా హాబీ మొదలుపెడదామని చుట్టూ చూస్తే, ఉన్నవాళ్ల హాబీలు అంతుపట్టవు. ఒకాయన చలికాలంలో తెల్లవారకముందే బైనాక్యులర్ మెడలో వేసుకుని పొలం గట్టు మీద నిలబడతాడు. ఇంకొకాయన ఎక్కడికీ ప్రయాణం లేకపోయినా ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని రైళ్లు చూసి వస్తాడు. మరొకరు మధ్యాహ్నమంతా చెరువు గట్టున గాలం పట్టుకుని కూర్చుని సాయంత్రం ఖాళీ సంచితో ఇంటికొస్తారు. "అందులో ఏటుందిరా?" అని మా పెదనాన్న వీళ్లందరి గురించీ అడుగుతుంటారు. వెటకారంగా అడగరు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతారు.

నాకు తోచిన జవాబు ఇది. బయట ఉన్నవాళ్లకు పక్షి కనిపిస్తుంది, బండి కనిపిస్తుంది, నాణెం కనిపిస్తుంది. ఆ పనిలో మునిగినవాళ్లకు ఈ పక్షికీ ఆ పక్షికీ, ఈ నాణేనికీ ఆ నాణేనికీ ఉన్న తేడా కనిపిస్తుంది. ఆ తేడా కంటికి ఆనే దాకా ఏ హాబీ అయినా చప్పగానే ఉంటుంది. అందుకని చూడ్డానికి ఏది బాగుందో దాన్ని పట్టుకుంటే రెండు నెలల్లో అటకెక్కుతుంది. మీకు ఏ రకం ఓపిక ఉందో తెలుసుకుని ఎంచుకుంటే నిలబడుతుంది.

దానికి ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీకు ఒకేసారి ఎంతసేపు తీరిక దొరుకుతుంది: అరగంటా, అరపూటా, రోజంతానా? ఏమీ దొరక్కుండా తిరిగొస్తే మీకు చిరాకు వస్తుందా? నలుగురితో కలిసి ఉండాలనుందా, కాసేపు ఎవరూ పలకరించకుండా ఉంటే చాలా? ఖర్చు సంగతి నాలుగోది. చాలామంది దాన్నే ముందు అడుగుతారు కానీ, కింద చెప్పినవాటిలో ఒకటి రెండు తప్ప ఏవీ జేబుకు చిల్లు పెట్టేవి కావు.

పక్షులు చూడటం

మన ప్రాంతంలో ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఒడిశా దక్షిణాన ఉండటం వల్ల మనకు దక్కిన పెద్ద వరం చిలికా. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య పరుచుకున్న ఉప్పునీటి సరస్సు అది. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాకు 1981లో మన దేశం నుంచి మొట్టమొదట ఎక్కిన రెండు చోట్లలో ఒకటి. గంజాం జిల్లా వైపు కొసన ఉన్న రంభకు బరంపురం నుంచి పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. తల వెనక రెండు నల్లటి పట్టీలుండే బాతు ఒకటి అక్కడికి చలికాలంలో వస్తుంది. మంగోలియా, టిబెట్ వైపు పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి దిగుతుంది. తోక సూదిలా సాగిన పిన్‌టెయిల్ బాతులైతే గుంపులు గుంపులుగా వాలతాయి. పర్లాకిమిడివాళ్లకు టెక్కలి వైపున్న తేలినీలాపురం ఇంకా దగ్గర. అక్కడ గూడబాతులు, రంగురంగుల ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి.

కానీ ఈ హాబీ రుచి తెలియాలంటే అంత దూరం పోనక్కర్లేదు. మహేంద్రతనయ నది ఒడ్డున, వరిమళ్లలో రోజూ కనిపించే తెల్లకొంగను తీసుకోండి. మనం తెల్లకొంగ అని ఒకటే పేరు పెట్టి వదిలేసేదాంట్లో నాలుగు రకాలున్నాయి. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు పూసినట్టు ఉంటే అది చిన్నకొంగ. ఆవుల వెంట తిరిగే పొట్టిమెడ కొంగకు ముక్కు పసుపు. గూడు కట్టే కాలంలో దాని తల, మెడ నారింజ రంగులోకి తిరుగుతాయి. మిగతా రెండూ ఒకేలా అనిపించి బాగా తికమక పెడతాయి. అప్పుడు నోటి చీలిక చూడాలి. అది కన్ను దాటి వెనక్కి పోతే పెద్దకొంగ, కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. ఈ ఒక్క తేడా మీ అంతట మీరు పట్టుకున్న రోజున ఇక మామూలు పొలం గట్టు అనేది ఉండదు. బస్సు కిటికీలోంచి కూడా చూస్తూనే ఉంటారు.

బైనాక్యులర్ కొనేటప్పుడు దాని మీద 8x42 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. కొత్తవాళ్లు 10 రెట్లది మంచిదనుకుంటారు కానీ, చెయ్యి ఏమాత్రం కదిలినా బొమ్మ వణుకుతుంది. 8 రెట్లదే తీసుకోండి. పనికొచ్చేవి ఐదారు వేల రూపాయల నుంచి దొరుకుతాయి. అయితే మొదటి సీజన్‌లో కొనకండి, ఎవరినైనా అడిగి వాడుకోండి. మెర్లిన్ యాప్ ఉచితం. పిట్ట కూత విని ఏ పక్షి అయి ఉండవచ్చో చెబుతుంది. చూసినవాటిని ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే మీ పరిశీలన శాస్త్రవేత్తలకు కూడా ఉపయోగపడుతుంది.

ఇది ఎవరికి నప్పదంటే, పొద్దున్నే లేవలేనివారికి, పక్కన మాటల తోడు లేకపోతే ఉండలేనివారికి. పది మంది కబుర్లు చెప్పుకుంటూ వెళితే కాకి తప్ప ఏమీ కనిపించదు. ఎండాకాలంలో ఉత్సాహం కొంత తగ్గుతుంది, బాతులు వెళ్లిపోతాయి. ఆ లోటు గంజాం తీరం కొంత తీరుస్తుంది. ఋషికుల్య నది కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొన్ని ఏళ్లలో రావు కూడా. వెళ్లేవాళ్లు టార్చిలైటు, ఫ్లాష్ వాడకండి. అటవీ శాఖవాళ్లు, ఊరి కుర్రాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి.

గాలం

పక్షుల హాబీకి కావలసిన ఓపిక ఒక రకం, గాలానికి కావలసింది ఇంకో రకం. పక్షుల కోసం మీరు తిరుగుతూ వెతుకుతారు. గాలం వేస్తే మీరు కదలకూడదు, నీళ్లలో ఏం జరుగుతోందో మీకు కనిపించదు. ఉన్న సమాచారమంతా నీళ్ల మీద తేలే బెండులోనే. అది రెండుసార్లు టకటకా కదిలి ఆగితే పరిగె లాంటి చిన్న చేప ఎరను కొరుకుతోందన్నమాట, లాగితే ఖాళీ గాలమే వస్తుంది. బెండు మెల్లగా పక్కకు జరిగి ఒక్కసారిగా మునిగితే లాగాలి. అలవాటైన చెయ్యి తంగూసు బిగుతును బట్టే చెప్పేస్తుంది. చూసేవాళ్లకు మనిషి ఊరికే కూర్చున్నట్టుంటుంది. నిజానికి ఆ సేపు మనసు ఇంకెక్కడికీ పోదు. ఆఫీసు టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్లకు నేను మందులాగా ఇదే చెబుతాను.

ఖర్చు తక్కువ. వెదురు గెడ, తంగూసు, గాలాలు, బెండు, చిన్న సీసం గుండు, ఎరకు ఎర్రలు. అన్నీ కలిపి కొన్ని వందలు. కానీ ఒక విషయం పట్టించుకోవాలి. ఊళ్లో చాలా చెరువులు చేపల కోసం వేలానికి పోయినవే. పాడుకున్నవాళ్ల అనుమతి లేకుండా గాలం వేస్తే అది ఒకరి సొమ్ము తీసుకోవడమే. వాగులు, నదుల దగ్గర కూడా వల మీద బతికే కుటుంబాలున్నాయి, వాళ్ల చోటుకు అడ్డం పడకూడదు. గుడ్లతో ఉన్న చేప, వేలెడంత పిల్ల పడితే తిరిగి వదిలేయండి. శాకాహారులకు, చేపను గాలం నుంచి తీయడానికి చెయ్యి రానివారికి ఇది చెప్పను. అందులో తప్పేమీ లేదు, వాళ్లకు వేరే దారులున్నాయి.

రైళ్లు చూడటం

అందరికన్నా ఎక్కువ మాటలు పడేది రైళ్లు చూసేవాళ్లే. "బండెక్కి ఎక్కడికైనా పోతే అర్థముంది, పోయే బండిని చూడటమేంటి?" అంటారు. ఈసారి స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఒక పని చేసి చూడండి. ఇంజను మీద ఉన్న అక్షరాలు చదవండి. డబ్ల్యూ ఏ పి 7 అని ఉంటే, డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, పి అంటే ప్రయాణికుల బండి, 7 ఆ తరగతి అంకె. పి బదులు జి ఉంటే గూడ్సు లాగడానికి చేసిన ఇంజను. తర్వాత పెట్టె పక్కన రాసిన అంకె చూడండి. మొదటి రెండు అంకెలు ఆ పెట్టె తయారైన సంవత్సరం. ఐదంకెల సంఖ్య అయితే, చివరి మూడూ 201 నుంచి 400 మధ్యలో ఉంటే స్లీపర్ పెట్టె. ఆఖరి పెట్టె వెనక పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు స్టేషన్ దాటిందంటే బండి మొత్తం వచ్చినట్టు. అది కనిపించకపోతే మధ్యలో ఎక్కడో పెట్టెలు ఊడిపోయాయేమోనని సిబ్బంది అప్రమత్తమవుతారు. ఇంత వివరం కళ్ల ముందు నుంచి రోజూ పోతున్నా చదవకుండానే వదిలేస్తున్నాం.

ఈ హాబీకి మీ ఊరు చాలా ముఖ్యం. బరంపురం హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది కాబట్టి గంటలో రకరకాల బండ్లు చూడవచ్చు. రాయగడకు విజయనగరం–రాయపూర్ మార్గంతో పాటు కోరాపుట్ నుంచి వచ్చే కొండ మార్గం కూడా ఉంది. కోరాపుట్, జయపురం వాళ్లకు కొత్తవలస–కిరండూల్ లైను దొరికింది. ఇనుప ఖనిజం మోయడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి వేసిన లైను అది. బరువు బండ్లను వరస ఇంజన్లు ఘాటు మీదుగా తీసుకెళ్లడం అక్కడ చూడాలి. పర్లాకిమిడి, గుణుపురంలో బండ్లు తక్కువ, రోజూ చూడటానికి ఏమీ ఉండదు. కానీ చరిత్ర ఇష్టపడేవాళ్లకు మాత్రం బోలెడంత ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన నేరోగేజ్ లైను 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా సాగింది. 2004లో చిన్న బండి ఆగింది, ఇప్పుడున్నది బ్రాడ్‌గేజ్. ఆ చిన్న బండి ఎక్కిన పెద్దవాళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఏ స్టేషన్‌లో ఎంతసేపు ఆగేది, దాని కోసం ఎవరు పరిగెత్తుకొచ్చేవారు అని రాసిపెట్టడం కూడా ఈ హాబీలో భాగమే. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన భాగం.

ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పట్టాల మీదకు దిగకండి, అది నేరం, ప్రాణం మీదకు కూడా వస్తుంది. స్టాండు పెట్టి వీడియో తీయాలంటే ముందు స్టేషన్ సిబ్బందిని అడగండి. పిల్లలున్న ఇంట్లో తండ్రీకొడుకులు, తాతామనవలు కలిసి చేయగలిగిన హాబీ ఇది. అరగంట తీరికైనా చాలు, బండి ఎలాగూ వస్తుంది కాబట్టి ఖాళీ చేతుల బాధ లేదు. ఆలస్యంగా రావడం మాత్రం మామూలే.

నాణేలు, స్టాంపులు

ఇల్లు కదలలేనివారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి, రాత్రి పది దాటాక మాత్రమే తీరిక దొరికే గృహిణులకు ఇది సరిపోతుంది. మొదలుపెట్టడానికి దుకాణానికి వెళ్లక్కర్లేదు. మీ చిల్లర డబ్బా బల్ల మీద పోయండి. ప్రతి నాణెం మీద సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, వజ్రం ఆకారం ఉంటే ముంబైది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే రకం రెండు రూపాయల నాణేన్ని నాలుగు టంకశాలల నుంచి, ఏడాదికొకటి చొప్పున వరస పేర్చడం మొదలుపెడితే ఎంత పనో తెలుస్తుంది. తర్వాత అమ్మమ్మ పెట్టె అడగండి. మధ్యలో గుండ్రటి బెజ్జం ఉన్న 1943–47 నాటి చిల్లు కాణీ, 1957లో దశాంశ పద్ధతి వచ్చాక కొట్టిన నయా పైసలు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంటాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ లెక్కలో సంత చేసిన మనిషి ఇంట్లో ఉంటే నాణెం కన్నా ఆమె మాటే ముందు భద్రపరచుకోండి.

నాణేలను చింతపండుతో, బ్రాసోతో తోమకండి. మెరుస్తాయి, విలువ పోతుంది. "మీ పాత ఐదు రూపాయల నోటుకు లక్షలు" అనే ప్రకటనలు మోసం. తమ పేరు చెప్పి కమీషన్ అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది. పొలం దున్నుతుంటే పాత నాణేల కుండ బయటపడితే అది సేకరణలో పెట్టుకునేది కాదు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. గంజాం జిల్లా జౌగడలో అశోకుని శాసనం ఉన్న నేల మనది, ఇలాంటివి జరగనివి కావు.

స్టాంపులు ఇంకా నెమ్మది. పోస్టాఫీసు ఫిలాటెలిక్ ఖాతా తెరిస్తే కొత్తవి ఇంటికే పంపుతారు. ఈ రెండింటికీ ఒక లోపం ఉంది, ఖర్చుకు అంతు లేదు. వరసలో ఒక్క ఖాళీ కనిపిస్తే నిద్రపట్టని స్వభావం మీదైతే నెలకు ఇంతని ముందే గీత గీసుకోండి.

కొండలెక్కడం

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇష్టం ఉన్నదీ లేనిదీ ఒక్కసారి ఎక్కితే తేలిపోతుంది. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1,501 మీటర్లు, పైన పాండవుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి, శివరాత్రికి జనం పోటెత్తుతారు. కోరాపుట్‌లో దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఊరివాళ్లను ఒకరిని తోడు తీసుకుని వాళ్లకు కూలి ఇవ్వండి. స్నేహితుల గుంపు ఉన్న కుర్రాళ్లకు ఇదే మొదటి ఎంపిక. ప్లాస్టిక్ మాత్రం వెనక్కి తెచ్చేయండి.

పక్కింటి భాష నేర్చుకోవడం

దీన్ని హాబీ అని చాలామంది ఒప్పుకోరు. మన జిల్లాల్లో మాత్రం ఇంతకన్నా గొప్పది లేదని నేను నమ్ముతాను. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి మొదట ముఖలింగం గుడి శాసనాలు చదవాలని సొంతంగా పాత లిపులు నేర్చుకున్నారు. ఆ తర్వాత సవరల భాష పట్టుకున్నారు. జీతానికి గానీ పదోన్నతికి గానీ దాంతో పని లేదు. సవర పల్లెల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన సవర భాషకు చేసింది కూడా ఆ రోజు తలుచుకోవాలి. సవరకు సొంత లిపి 1936లో మంగయ్ గొమాంగో చేతుల మీదుగా వచ్చింది.

మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. వారపు సంతలో పసుపు, చింతపండు, అడ్డాకులు అమ్మే ఆమె దగ్గర వారానికి నాలుగు మాటలు నేర్చుకోండి. సవర కావచ్చు, కువి కావచ్చు, దేశియా కావచ్చు. ఒక చిన్న నోటుబుక్కు చాలు. మాట తప్పుగా పలికితే ఆమె నవ్వుతుంది, మళ్లీ పలికిస్తుంది. ఖర్చు లేదు, ప్రయాణం లేదు, ఎలాగూ కూరగాయలకు వెళ్లాల్సిందే. సిగ్గరులకు కష్టం. మాటకారులకు, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులకు అన్నిటికన్నా ముందు ఇదే చెబుతాను.

ఏది తీసుకోవాలి?

ఖాళీ చేతులతో తిరిగి రావడం మీకు నచ్చదంటే రైళ్లు, నాణేలు. ఫర్వాలేదంటే పక్షులు, గాలం. ఇంట్లో చిన్నపిల్లలుండి అరగంటకు మించి బయటికి వెళ్లలేని తల్లులకు నాణేలు ఇప్పుడు, డాబా మీద నుంచి పక్షులు కూడా ఇప్పుడే. దానికి ఊరు దాటక్కర్లేదు. కొత్తగా రిటైరైనవారికి గాలం కన్నా భాష మేలు. ఉద్యోగం పోగానే మాట్లాడేవాళ్లు తగ్గిపోతారు, సంత ఆ లోటు తీరుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఉన్నవాళ్లు మాత్రం ఇద్దరూ కలిసి ఎంచుకోండి. ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఒకరే మాయమైతే హాబీ మీద ఇంట్లో కోపం మొదలవుతుంది.

డబ్బు పెట్టి ఫోనులో ఆడే రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటివి ఈ పోలికలో కావాలనే పెట్టలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం లేకపోయినా నేను వాటిని హాబీ అనను. పై వాటిలో దేంట్లోనైనా మీ నష్టం ఎంతో మీ చేతిలో ఉంటుంది. వాటిలో ఉండదు.

బరంపురంలో ఉండి ఇంకా తేల్చుకోలేకపోతున్నవాళ్లకు ఒక దారి ఉంది. జనవరిలో ఒక ఆదివారం రంభలో ఆగే ప్యాసింజర్ బండి చూసుకుని, ఎవరి బైనాక్యులరో అడిగి తీసుకుని బయల్దేరండి. వెళ్లేటప్పుడు ఎదురొచ్చే ఇంజన్ల అక్షరాలు చదవండి, దిగాక నీటి ఒడ్డున కొంగల ముక్కులు చూడండి. రెండూ ఒకే రోజు, ఒకే టికెట్ ఖర్చుతో తెలిసిపోతాయి. ఇంటికొచ్చాక ఎవరూ అడక్కుండానే మీరు ఆ రెండిట్లో దేని సంగతి మాట్లాడుతున్నారో ఇంట్లోవాళ్లను గమనించమనండి. దాన్ని పట్టుకుని ఆ చలికాలమంతా వదలకుండా చేయండి.